షెడ్డు లేకుండా ట్రాక్టర్, ట్రాలీ ఐదు నెలలు బయట నిలపాలంటే

తమ్మీ, నీ సంగతి అర్థమైంది. హాలియా అవతల ఊరు, కాల్వ చివరి భూమి, ఈ యాసంగికి నీళ్లు రావు కాబట్టి నాట్లు లేవు. మీ నాయనకు మోకాలి ఆపరేషన్. నువ్వు పనికి హైదరాబాద్ పోతున్నావు. సంక్రాంతి నుంచి మృగశిర కార్తె దాకా ట్రాక్టరు, రెండు చక్రాల ట్రాలీ ఇంటి దగ్గర ఆరుబయటే ఉంటాయి. నీలం పట్టా కప్పి తాళ్లతో గట్టిగా చుట్టేస్తా, పక్కింటి పిల్లగానితో వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేయిస్తా, సరిపోతుందా అని అడిగావు. అమెరికాలో చలికాలం రాగానే ఇల్లులాంటి ట్రైలర్లను బయట పెట్టేముందు నీళ్లన్నీ తీసేసే వీడియో చూసి, మనం కూడా రేడియేటర్ ఖాళీ చెయ్యాలా అని ఇంకో మాట అడిగావు.

నేను మిర్యాలగూడ దగ్గర ఇరవై ఆరేళ్లుగా ట్రాక్టర్ల పనిలో ఉన్నాను. నాకూ రెండు బండ్లున్నాయి, చాలా ఏళ్లు షెడ్డు లేకుండానే పెట్టుకున్నాను. బయట పెడితే బండి పాడవుతుందనే టెన్షన్ నీకు వద్దు. కానీ నువ్వు అనుకున్న మూడు పనులూ మానెయ్. పట్టా చుట్టడం, ఐదు నిమిషాలు స్టార్ట్ చేయడం, రేడియేటర్ ఖాళీ చేయడం, మూడూ బండికి నష్టమే చేస్తాయి.

ముందు పట్టా సంగతి. పుష్యం, మాఘం నెలల్లో మన దగ్గర పగలు ఎండ, తెల్లారేసరికి మంచు. రాత్రి ఇనుము చల్లబడితే గాలిలోని తేమ దాని మీద నీళ్లై దిగుతుంది. బండి విడిగా ఉంటే పొద్దున తొమ్మిదింటికల్లా ఆ తడి ఆరిపోతుంది. పట్టా చుట్టి కట్టావనుకో, నేలలోంచి లేచే చెమ్మ కూడా లోపలే ఉండిపోతుంది, ఎండకు ఆవిరై పైకి పోయి పట్టా లోపలి వైపు బొట్లు కట్టి మళ్లీ బండి మీదే పడుతుంది. దేవరకొండ వైపు నుంచి ఒక రైతు జూన్‌లో నన్ను పిలిస్తే పోయి పట్టా విప్పాను. వాన ఇంకా పడనేలేదు. అయినా బానెట్ కింద చెయ్యి పెడితే జిగటగా తడి. వైర్లు కలిసే ప్లగ్గుల్లో రాగి మీద పచ్చగా చిలుము. తాడు ఒరుసుకున్న చోట మడ్‌గార్డు రంగు పోయి వేలెడు వెడల్పున తుప్పు చార. మూడు నెలల ఎండకు ఆ పట్టా కూడా చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయింది. బండి దాచుకుందామని ఆయన ఖర్చు పెట్టి మరీ చేసిన పని అది.

బండికి పైన నీడ కావాలి, పక్కలకు గాలి కావాలి. నాలుగు వెదురు గడలు పాతి, సైలెన్సర్‌కు మూరెడు ఎత్తున పందిరి వెయ్. మీ వైపు తాటాకులకు కొదవ లేదు. అవి దొరక్కపోతే కూరగాయల నర్సరీకి వేసే గ్రీన్ నెట్టు సరిపోతుంది. కొన్న పట్టా దండగ కాకూడదనుకుంటే దాన్ని పందిరి మీద కప్పులాగా వేసుకో, ఒక పక్కకు వాలు ఉండాలి, నాలుగు పక్కలా తెరిచి ఉండాలి. బండి ఒంటికి తగలకూడదు. స్టీరింగ్, మీటర్, సీటు మటుకు పాత నూలు దుప్పటితో కప్పు, నూలుగుడ్డలోంచి గాలి ఆడుతుంది.

చోటు ఎంచుకునేటప్పుడు పడమటి ఎండ చూసుకో. మే నెలలో నల్లగొండ జిల్లాలో 44, 45 డిగ్రీలు మామూలే, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు పెద్దలు. మధ్యాహ్నం రెండు నుంచి ఐదున్నర దాకా పడే ఎండే టైర్లను, హోస్ పైపులను తినేది. ఇంటికి తూర్పు పక్క గోడ దగ్గర నిలిపితే ఆ వేళకు ఇంటి నీడే పడుతుంది. చింతచెట్టు కింద పెడితే నీడ ఉంటుంది, నిజమే, కానీ ఏప్రిల్, మే గాలిదుమారాలకు కొమ్మ విరిగి పడితే బానెట్ పోతుంది. కరెంటు తీగల కింద వద్దు. గడ్డివాము పక్కన అసలే వద్దు. ఎండాకాలం ఒక్క నిప్పురవ్వ చాలు, పైగా ఎలుకలన్నీ ఆ వాములోనే కాపురం ఉంటాయి.

రెండోది, ఐదు నిమిషాల స్టార్టు. ఇది ఊరూరా ఉన్న అలవాటు, మంచికే అనుకుంటారు. లీటరు డీజిల్ మండితే దాదాపు లీటరు నీళ్లు ఆవిరిగా పుడతాయి. ఇంజన్ బాగా కాగితే ఆ ఆవిరి సైలెన్సర్ గుండా బయటికి పోతుంది. ఐదు నిమిషాల్లో ఆయిల్ సరిగ్గా కాగదు, ఆ తేమ కొంత ఆయిల్లోకి, కొంత సైలెన్సర్ లోపలికి చేరి అక్కడే ఉంటుంది. వారం వారం ఇట్లా చేస్తే ఆయిల్ క్యాపు కింద తెల్లగా మీగడలాంటిది కడుతుంది. బ్యాటరీకి కూడా లాభం లేదు. స్టార్టుకు ఖర్చైన కరెంటు ఐదు నిమిషాల్లో డైనమో తిరిగి నింపలేదు.

నెలకోసారి నువ్వే ఊరికి వస్తే, ముప్పావు గంట పొలం దాకా నడిపి, వేడి ముల్లు మామూలుగా ఉండే చోటికి వచ్చాక తెచ్చి పెట్టు. రాలేకపోతే ఐదు నెలలూ ముట్టుకోకుండా వదిలెయ్, మంచి ఆయిల్ ఉంటే ఇంజన్‌కు ఏమీ కాదు. పక్కింటి పిల్లగాని చేతికి మాత్రం తాళంచెవి ఇవ్వకు. గేరులో ఉందో న్యూట్రల్లో ఉందో చూసుకోకుండా, కింద నిలబడి తాళం తిప్పితే బండి ఎగిరి మీదికొస్తుంది. అట్లా కాలు పోగొట్టుకున్న పిల్లవాణ్ని నేను చూశాను. ఈ ఒక్క మాట తప్పకుండా విను.

ఇక ఆ అమెరికా వీడియో. అక్కడ చాలా చోట్ల చలికాలం సున్నా కన్నా చాలా కిందికి పోతుంది. నీళ్లు గడ్డకడితే దాదాపు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, ఆ ఉబ్బుకు పైపు పగిలిపోతుంది. అందుకే వాళ్లు ఆ ట్రైలర్‌లో వంటింటి, బాత్రూం పైపుల నీళ్లన్నీ తీసేసి, గడ్డకట్టని గులాబీ రంగు మందు పోస్తారు. మన దగ్గర ఎంత చలి రాత్రైనా నీళ్లు గడ్డకట్టవు. రేడియేటర్ ఖాళీ చేస్తే తడి గోడలకు గాలి తగిలి, లోపల ఇంజన్ బ్లాకు తుప్పు పడుతుంది. నిండుగా ఉంచు. పాత నీళ్లు ఎర్రగా ఉంటే తీసేసి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపి పొయ్యి. కూలెంట్ గడ్డకట్టకుండా ఉండటానికే అనుకుంటారు, తుప్పు పట్టకుండా చూసేదీ అదే. బోరు నీళ్లు పొయ్యకు. మన జిల్లా బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పేరుంది కానీ, రేడియేటర్‌కు చెరుపు చేసేది ఆ నీళ్లలో కరిగి ఉండే లవణాలు. చెంబు అడుగున తెల్లగా పేరుకునేదే రేడియేటర్ సందుల్లోనూ పేరుకుంటుంది.

అయితే ఆ వీడియోలో మనకు పనికొచ్చేవి కూడా ఉన్నాయి. తిండి గింజలు ఏరెయ్యడం, ఎలుకలు దూరే సందులు మూసెయ్యడం, టైర్ల మీద బరువు తగ్గించడం, గాలి ఆడే కప్పు వెయ్యడం. అవి ఏ దేశంలో నిలిపిన బండికైనా ఒకటే.

నిలిపే ముందు రెండు రోజులు పని పెట్టుకో. ఇంజన్ ఆయిల్ ఇప్పుడే మార్చు, జూన్‌లో మారుద్దాంలే అనుకోకు. వాడిన ఆయిల్లో మసి, ఆమ్లం, నీటి తేమ ఉంటాయి. ఐదు నెలలు బేరింగులు దాంట్లోనే నానుతాయి. కొత్త ఆయిల్ పోసి పావుగంట నడిపి ఆపితే అన్ని భాగాలకూ శుభ్రమైన పొర పడుతుంది. డీజిల్ ట్యాంకు దాదాపు నింపు. సగం ఖాళీ ఉంటే ఆ ఖాళీలో రాత్రిపూట నీళ్లు చెమర్చి అడుక్కి దిగుతాయి. నీళ్లూ డీజిలూ కలిసే చోట నల్లని జిగురు పెరిగి ఫిల్టర్లను మూసేస్తుంది. అంచు దాకా మాత్రం పొయ్యకు. ఎండకు డీజిల్ ఉబ్బుతుంది, 60 లీటర్లకు 20 డిగ్రీలు పెరిగితే సుమారు లీటరు ఎక్కువవుతుంది. రెండు మూడు లీటర్ల చోటు వదిలెయ్.

క్లచ్ గురించి చాలామందికి తెలియదు. ఎక్కువ రోజులు నిలిపితే క్లచ్ ప్లేటు ఇంజన్ వెనక తిరిగే ఫ్లైవీల్ చక్రానికి అంటుకుపోతుంది. తర్వాత ఎంత తొక్కినా గేరు పడదు, బండిని రెండుగా విప్పాల్సి వస్తుంది. పెడల్ పూర్తిగా తొక్కి, అది లేవకుండా ఒక చెక్క ముక్క బిగించి పెట్టు. హ్యాండ్ బ్రేక్ వేసి వదలకు, అది కూడా పట్టుకుపోతుంది. దానికి బదులు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టు. వెనక లిఫ్టు కిందికి దించెయ్. సైలెన్సర్ మూతికి డబ్బా బోర్లించు, లేదంటే వానకన్నా ముందు గోరింక గూడు కడుతుంది.

బ్యాటరీ విప్పి ఇంట్లో పెట్టు. ముందు మైనస్ తీగ, తర్వాత ప్లస్. బిగించేటప్పుడు ముందు ప్లస్. నిండా చార్జింగ్ ఉన్న బ్యాటరీ మీటర్ పెడితే 12.6 వోల్టులు చూపిస్తుంది, 12.4 కన్నా తగ్గనివ్వకు. ఎండాకాలం ఊరికే ఉన్నా తొందరగా దిగిపోతుంది, వేడి పది డిగ్రీలు పెరిగితే దిగే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. మార్చి నుంచి నెలకోసారి చార్జింగ్ పెట్టించమని మీ అమ్మకు చెప్పు, గాలి ఆడే చోట, పొయ్యికి దూరంగా. నేల మీద పెడితే కరెంటు దిగిపోతుందని కొందరు అంటారు. ఇప్పటి ప్లాస్టిక్ బ్యాటరీలకు ఆ భయం లేదు. బ్యాటరీ ఇంట్లో ఉంటే దొంగల బెడదా ఉండదు.

ట్రాలీ సంగతికి వస్తాను. ట్రాక్టర్ కన్నా ముందు కుళ్లిపోయేది ట్రాలీయే, అందరూ నిర్లక్ష్యం చేసేదీ దాన్నే. యూరియా, డీఏపీ బస్తాల్లోంచి ఒలికిన మందు, పెంట, వడ్ల పొట్టు, ఎర్రమట్టి, ఇవన్నీ అడుగు రేకు మూలల్లో, కింది చానళ్ల సందుల్లో ఇరుక్కుంటాయి. యూరియా గాలిలోని తేమను తనే పీల్చుకుంటుంది. వాన పడకపోయినా ఆ మూల ఎప్పుడూ చెమ్మగానే ఉండి ఇనుము తినేస్తుంది. ట్రాలీ డబ్బా పైకెత్తి, నీళ్ల పైపుతో పైనా కిందా కడుగు. డబ్బా ఎత్తినప్పుడు కింద చేరి పని చేసేటట్టయితే హైడ్రాలిక్‌ను నమ్మకు, గట్టి దిమ్మె అడ్డం పెట్టాకే చెయ్యి పెట్టు. కడిగాక రెండు రోజులు ఎండలో ఆరనివ్వు.

ఆరిన తర్వాత చిన్న సుత్తి తీసుకొని రేకు మీద గజం గజానికి ఒక దెబ్బ కొట్టుకుంటూ పో. గట్టిగా ఉన్న చోట ఠంగుమని మోగుతుంది. లోపలి నుంచి తుప్పు తిన్న చోట డబ్బుమని మూగగా వస్తుంది, పైన రంగు బాగానే కనిపిస్తున్నా సరే. నా ట్రాలీలో వెనక డోరుకు జానెడు ఇవతల అట్లాంటి చోటు దొరికింది. స్క్రూడ్రైవర్‌తో నొక్కితే కాల్చిన అప్పడంలా లోపలికి దిగింది. అప్పుడు చూసుకున్నాను కాబట్టి చేతి వెడల్పు ముక్క వెల్డింగ్‌తో పోయింది. ఇంకో వానాకాలం ఆగితే అడుగంతా మార్చేవాణ్ని. బలహీనంగా ఉన్న చోట్లన్నీ వైరు బ్రష్‌తో గీకి తుప్పు ఆపే రెడ్ ఆక్సైడ్ రంగు రెండు పూతలు వెయ్. కాలిన ఆయిల్ పూసే అలవాటు మీ ఊళ్లోనూ ఉండే ఉంటుంది. అందులోని ఆమ్లం ఇనుముకు మంచిది కాదు, కారి టైరు మీద పడితే రబ్బరు ఉబ్బుతుంది.

నిలిపేటప్పుడు డబ్బా పూర్తిగా కిందికి దించు, హైడ్రాలిక్ రాడ్డు లోపలికి పోయి ఉంటేనే దాని మెరుపు నిలుస్తుంది. ముందు స్టాండు నాలుగు వేళ్లు ఎత్తులో పెట్టి, వెనక డోరు తెరిచి వదులు. ఎంత వాన పడ్డా నీళ్లు వెనక్కి జారిపోతాయి. మూసిన డోరుతో సమంగా నిలిపిన ట్రాలీ చిన్న చెరువే.

ట్రాలీ ఇరుసును రెండు పక్కలా లేపి చెక్క దిమ్మెల మీద ఆనించు, టైర్లు నేలకు అంటీ అంటనట్టు ఉంటే చాలు. సిమెంటు ఇటుకలు వద్దు, ఉన్నట్టుండి పగులుతాయి. జాకీ మీదే వదలకు. ట్రాక్టర్‌ను లేపాల్సిన పని లేదు. ఒక్కడివే ఆ బరువు లేపడం ప్రమాదం. టైర్ల కింద పలకలు వేసి, గాలి నిండా కొట్టించు. అన్ని టైర్లకూ గోనెసంచులు తొడుగు. ఎండ సూటిగా తగిలితే టైరు పక్కల సన్నని పగుళ్లు వస్తాయి. గ్రీజు ఎక్కించే నిప్పుల్స్ అన్నిటికీ గన్నుతో పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టు. ట్రాలీ హుక్కుకు గొలుసు, తాళం వెయ్. ఇన్సూరెన్స్ గడువు మధ్యలో అయిపోతుందేమో ఇప్పుడే చూసుకో.

చివరిది ఎలుకలు. నా మొదటి ట్రాక్టర్‌ను ఒకసారి వడ్ల పని అయిపోగానే తుడవకుండా నిలిపేశాను. జూన్‌లో స్టార్ట్ చేస్తే నల్లపొగ, దమ్ము లేదు. ఎయిర్ క్లీనర్ విప్పాను. పైపు నిండా పత్తి, వరిగడ్డి, సీటు స్పాంజీ ముక్కలు, మా బిడ్డ జడ రిబ్బను ఎర్రముక్క. వాటి నడుమ వేలి కణుపంత పిల్లలు ఐదు, కళ్లు కూడా తెరవలేదు. లైట్ల వైర్లు మూడు చోట్ల కొరికి ఉన్నాయి. అదంతా మడ్‌గార్డు సందులో మిగిలిన నాలుగు గుప్పెళ్ల వడ్ల కోసం వచ్చిన ఎలుక పని. అందుకే బండిని, ట్రాలీని ఒక్క గింజ లేకుండా తుడువు. టూల్ బాక్సులో పాతగుడ్డలు తీసెయ్. గాలి పీల్చే మూతికి సన్నని ఇనుప జాలీ చుట్టు. చుట్టూ రెండు గజాలు గడ్డి, చెత్త లేకుండా చెక్కించు, ఎలుక బయలు ప్రదేశం దాటడానికి భయపడుతుంది. డాంబరు గోళీల వాసన ఆరుబయట వారం కూడా నిలవదు. ఎలుకల మందు పెట్టకు, ఇంటి ముందు కోళ్లు, కుక్కలు, పిల్లలు తిరుగుతుంటారు.

ఎలుకలున్న చోటికి పాము వస్తుంది. జూన్‌లో వచ్చినప్పుడు పగటి వేళ, టార్చి వేసి చూసి, కర్రతో కదిలించి, ఆ తర్వాతే బానెట్ కింద, టూల్ బాక్సులో, గోనెసంచి కింద చెయ్యి పెట్టు. నేను ఒకసారి టూల్ బాక్సు మూత ఎత్తితే కట్లపాము చుట్ట చుట్టుకొని ఉంది. నా చెయ్యికి దానికి బెత్తెడు దూరం.

తీసే రోజు తొందరపడకు. పోయేముందే స్టీరింగ్‌కు ఒక ఎర్రగుడ్డ కట్టి, ఒక అట్టముక్క మీద రాసి పెట్టుకో: సైలెన్సర్ డబ్బా, క్లచ్ చెక్క, గాలి జాలీ, చక్రాల రాళ్లు. ఐదు నెలల తర్వాత ఇవి ఎవరికీ గుర్తుండవు. అవన్నీ తీసి, బ్యాటరీ బిగించాక ఆయిల్, కూలెంట్, టైర్లలో గాలి చూడు. డీజిల్ ఫిల్టర్ అడుగు స్క్రూ వదులు చేసి నీళ్లుంటే పోనివ్వు. సీటులో కూర్చొని, న్యూట్రల్ చూసుకొని, ఇంజన్ ఆపే రాడ్డు లాగి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్ తిప్పు, ఆయిల్ పైకి ఎక్కుతుంది. కాసేపు ఆగి అప్పుడు స్టార్ట్ చెయ్. ఆయిల్ లైటు ఆరేదాకా రేజ్ చెయ్యకు.

మొదటి రోజు లోడు వెయ్యకుండా ఖాళీ ట్రాలీతో హాలియా దాకా పోయి రా. దిగగానే ట్రాలీ చక్రాల నడుమ హబ్బు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి ఆనించలేనంత కాలితే బేరింగు విప్పి గ్రీజు మార్చాకే విత్తనాలు, ఎరువుల బస్తాలు వెయ్.